సుబ్బిగాడు పారిపోయిన రోజు

టూ రివర్స్, అలాస్కా
జనవరి 27

ఒరేయ్ సుబ్బూ,

తిట్టుకో. ఎంతసేపు తిట్టుకుంటావో తిట్టుకో, తరవాతే చదువు. దసరాకి రాసిన నీ ఉత్తరానికి సంక్రాంతి కూడా వెళ్ళిపోయాక జవాబు రాస్తున్నాను. నవంబర్‌లోనే మొదలుపెట్టాను గానీ ఆ కాగితాన్ని ఒకడు నమిలేశాడు. వాడెవడో ఇంకాసేపట్లో నీకే తెలుస్తుంది.

ముందు క్షేమసమాచారాలు, గబగబా. లలిత ఉద్యోగం బాగానే ఉంది, యూనివర్సిటీ వాళ్ళు మళ్ళీ పొడిగించారు. నా మోకాలు పర్లేదు. అమ్మ ఫోన్‌లో "ఇవాళ ఎంత చలి?" అని అడగడం, చెప్పగానే ముక్కు చీదడం, రోజూ ఇదే. అంచేత ఇప్పుడు సగం చలే చెప్తున్నాను. మీ నాన్నగారికి కంటి ఆపరేషన్ అయిందా? అది తప్పకుండా రాయి. బందరు లడ్డూ కేసు ఎంతవరకొచ్చిందో కూడా రాయి, ఇక్కడ దాని గురించి మాట్లాడుకోడానికి నాకెవరూ లేరు.

ఇక అసలు సంగతి. ఒరేయ్, నీ పేరు ఒక కుక్కకి పెట్టాం.

ఆగు, చింపెయ్యకు. మేమున్న కేబిన్ ఒక ముసలి దంపతుల స్థలంలోదని రాశానుగా. మేమిద్దరం వాళ్ళని తాత, మామ్మ అనుకుంటాం, వాళ్ళకి తెలీదు. ఇంట్లో కుళాయి లేదు. కింద నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి బోరూ పైపులూ పెద్ద తలనొప్పి. ఇక్కడ చాలామంది టౌన్ నుంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చుకుంటారు. దొడ్డి కూడా బయటే. దాని మీద సీటు నీలంరంగు థర్మోకోల్ పలక. ఎందుకో, ఈ చలిలో చెక్క మీద కూచుంటే ఏమవుతుందో ఆలోచించుకో, నేను రాయను. చలిని లలిత సెంటీగ్రేడ్‌లో చెప్తుంది, తాత ఫారన్‌హీట్‌లో చెప్తాడు. మైనస్ 40 దగ్గర మాత్రం రెండూ ఒకటే కనక ఆ రోజు ఇద్దరికీ వాదన ఉండదు.

వాళ్ళకి స్లెడ్లు, అంటే మంచు మీద జారే బండ్లు, లాగే కుక్కలు ముప్ఫై చిల్లర ఉన్నాయి. నువ్వు నీలికళ్ళ బొచ్చుకుక్కల్ని ఊహించుకుంటున్నావేమో, అవి కావు. వీటిని అలాస్కన్ హస్కీలంటారు. సన్నగా, పొడుగు కాళ్ళతో, ఇరవై పాతిక కిలోలుంటాయి. గాంధీనగర్ సందులో నిలబెడితే నువ్వు రెండోసారి తిరిగి చూడవు. జాతి కుక్కలని కాయితం ఏదీ లేదు, బాగా పరిగెత్తేవాటిని బాగా పరిగెత్తేవాటితో కలుపుతూ తయారుచేసుకున్న సంకరం. పొద్దున్న పదింటికి గానీ తెల్లారదు కనక చీకట్లోనే తలకి లైటు కట్టుకుని మా పని మొదలు. గడ్డకట్టిన సాల్మన్ చేపల్ని గొడ్డలితో కొట్టడం నా వంతు. ఉత్త నీళ్ళు పోస్తే ఈ చలిలో తాగవు, అందుకని మాంసం కలిపిన వేడినీళ్ళు లలిత పోసుకుంటూ వస్తుంది. పేడ ఎత్తడం ఇద్దరి వంతూ. అది రాయై ఉంటుంది, వాసన రాదు, చలికాలం చేసే ఒకే ఒక్క మేలు. పందెంలో పరిగెత్తే కుక్కకి రోజుకి 10,000 కేలరీల దాకా కావాలంటే నమ్ముతావా? మెస్సులో మనం తిన్నది లెక్కేస్తే... సరేలే.

ఇక్కడ ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే వరసలో పేర్లు పెట్టడం అలవాటు. మామ్మ ఒక ఈతకి అన్నీ పనిముట్ల పేర్లే పెట్టింది. ఆ ఈతదే రెంచి, ముసలి ఆడకుక్క, మా లీడరు. నిరుడు పుట్టినవాటికి పేర్లు పెట్టమని లలిత చేతిలో పెట్టింది. ఇడ్లీ, వడ, ఉప్మా, బజ్జీ అయ్యాయి. ఐదోవాడు తన గిన్నె మీద కాలేసి కాపలా పెట్టుకుని, మూతి మాత్రం పక్కవాడి గిన్నెలో పెట్టాడు. "వీడు సుబ్బిగాడే!" అన్నాను. "పాపం, అన్నయ్యని అలా అనకండి" అంది లలిత, అంటూనే పడీపడీ నవ్వింది. మామ్మకి నోరు తిరిగిన పేరు కూడా అదొక్కటే. నా కాగితం నమిలింది వాడే.

మొన్న శనివారం మైనస్ పాతిక. గాలి లేదు, మంచి రోజు. మామ్మ ఎనిమిది కుక్కలతో ముందు, లలిత ఆరు కుక్కలతో వెనక. నేను లలిత స్లెడ్‌లో దుప్పట్లు కప్పుకుని కూచున్న సరుకు. అవును, మా ఆవిడే తోలుతుంది, నవ్వుకో. కుక్కలు నా మాట వినవు, ఆవిడ గొంతు విప్పిందంటే ఆరూ కదులుతాయి. ముందు రెంచి, దాని పక్కన ప్లయర్, తరవాత వడ, ఉప్మా, స్లెడ్ దగ్గర బజ్జీ, సుబ్బిగాడు.

ఇంటినుంచి ఓ మూడు మైళ్ళొచ్చాం. మామ్మ వంపు తిరిగి కనుమరుగైంది. మేమూ తిరుగుదామనేసరికి విల్లో పొదల్లోంచి ఒక మూస్ దిగి బాట మధ్యలో నిలబడింది.

ఒరేయ్, బొమ్మల్లో చూస్తే తెలీదురా. లేళ్ళ జాతిలో అంతకన్నా పెద్దది లేదు. అర టన్ను ఉంటుంది. కొమ్ముల్లేవు, జనవరికి మగవాటికీ రాలిపోతాయి కనక అది మగదో ఆడదో తెలీలేదు, అడిగే పరిస్థితీ కాదు. లోతు మంచులో నడవలేక ఇవి స్లెడ్లు తొక్కిన గట్టి బాట ఎక్కుతాయి, ఎక్కితే దిగవు. కుక్కలు కనిపిస్తే తోడేళ్ళనుకుంటాయి. తోడేలుకి భయపడి పారిపోవు, నిలబడి కాళ్ళతో తొక్కేస్తాయి.

లలిత బ్రేకు మీద నిలబడి, కొక్కెం మంచులో దిగ్గొట్టి, తాడు తీసుకెళ్ళి ఒక స్ప్రూస్ చెట్టుకి కట్టింది. "లైన్ అవుట్!" అని అరిచింది. లీడరు తాడు బిగలాగి పట్టి ముందుకే నిలబడాలని దానర్థం. లీడరు వెనక్కి తిరిగిందంటే అన్నీ తాళ్ళలో చుట్టుకుని ఒక ముద్దైపోతాయి, అప్పుడు మూస్‌కి పని సులువు. రెంచి తిరగలేదు. మూస్‌కీ దానికీ మధ్య పాతిక అడుగులు. వెనకున్న కుర్రకుంకలన్నీ గొంతు చించుకుంటుంటే అది మాత్రం కిక్కురుమనకుండా తాడు బిగించి నిలబడింది.

భయమేస్తే నాకు నోరాగదని నీకు తెలుసు, వైవా రోజు చూశావు. "1985లో సూసన్ బుచర్..." అని మొదలెట్టాను. ఇడిటరాడ్ అని, యాంకరేజ్ నుంచి నోమ్ దాకా వెయ్యి మైళ్ళ పందెం, 1973 నుంచి జరుగుతోంది. ఆ ఏడు ఆవిడ టీము మీద మూస్ పడి రెండు కుక్కల్ని చంపేసింది, ఇంకొన్నిటిని కుమ్మేసింది. ఆవిడ పందెం మధ్యలోనే మానుకోవాల్సొచ్చింది. ఆ యేడే లిబ్బీ రిడిల్స్ గెలిచింది, ఆ పందెం గెలిచిన మొదటి ఆడమనిషి. మరుసటేడు సూసనే గెలిచి, మొత్తం నాలుగుసార్లు... ఇదంతా చెబ్దామనుకున్నాను. "మీరు నోరు మూసుకుంటారా?" అంది లలిత, మూస్ మీంచి చూపు తిప్పకుండా.

మేం రాలేదని గ్రహించి మామ్మ తన టీముని కట్టేసి వెనక్కి నడిచొచ్చింది. ఇటు మేము, అటు మామ్మ, మధ్యలో అది. మామ్మ చేతిలో రివాల్వర్. కాలిస్తే, గురి తప్పితే మా మీదకే. తప్పకపోతే ఇంకో తంటా: ప్రాణరక్షణకి చంపినా ఇక్కడ ఆ మాంసం ప్రభుత్వానిది, మనమే కోసి అప్పజెప్పాలి. ఆ చలిలో అర టన్ను! మామ్మ కదల్లేదు.

మూస్ చెవులు వెనక్కి పెట్టింది. మూపు మీద వెంట్రుకలు లేచాయి. అది మంచి గుర్తు కాదని తాత ఎప్పుడో చెప్పాడు. బజ్జీ కళ్ళు తెరవకముందు దానికి రాత్రుళ్ళు సీసాతో పాలు పట్టాన్రా నేను. ఆ నిమిషంలో ఏమనిపించిందంటే... వద్దులే, రాస్తే నువ్వు ఫోన్ చేస్తావు.

అప్పుడు 'టప్' మని చప్పుడు. సుబ్బిగాడు మెడ తాడు కొరికేశాడు. వెనక్కి వెనక్కి జరిగి హార్నెస్‌లోంచి చొక్కా విప్పినట్టు బయటపడ్డాడు. అయిపోయింది, మూస్ మీదికి దూకుతాడు అనుకున్నాను. వాడు నా మొహంకేసి ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, ఇంటివైపు ఒకటే పరుగు! బెజవాడ మూడో నంబరు ప్లాట్‌ఫామ్. టీసీ. ఇంకేం చెప్పను? పెట్టె కూడా నా చేతిలోనే వదిలేశావు కదరా!

"ఆ పేరు వద్దని అప్పుడే అన్నాను" అంది లలిత. అన్లేదు. నవ్వింది.

అరగంట పట్టింది. వేళ్ళు నావో కావో తెలీలేదు. అప్పుడు దూరంగా స్నోమెషీన్, అదే మంచు మీద నడిచే మోటారు బండి, మోత. సుబ్బిగాడు సరాసరి వాకిట్లోకెళ్ళి ఖాళీ గిన్నె దగ్గర కూచున్నాడట. మెడకి కొరికిన తాడుముక్క వేలాడుతుంటే చూసి తాత ఉన్నపళంగా బయల్దేరాడు. ఆ మోత దగ్గరయ్యేకొద్దీ మూస్ తల పైకెత్తింది, చెవులు ముందుకొచ్చాయి. మమ్మల్నో చూపు చూసి, తొందరేం లేకుండా పొదల్లోకి వెళ్ళిపోయింది. మామ్మ రివాల్వర్ జేబులో పెట్టుకుని "సరే, పదండి" అంది. అంతే! ఇంటికెళ్ళిపోదామంటుందనుకున్నాను, మిగతా దూరమంతా తిప్పింది.

ఇప్పుడు నా కోపం ఏంటో విను. ఆ రాత్రి తాత సుబ్బిగాడికి చేప మీద చేప. "వీడే మిమ్మల్ని కాపాడాడు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్తున్నాడు. వాడు కాపాడ్డమేంట్రా, గిన్నె కోసం వెళ్ళాడు! నిలబడింది రెంచి. ఇక్కడ మొదట్నుంచీ ఇదే వరస. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా వస్తే, మాకు దగ్గర్లోనే ఉన్న నెనానా నుంచి 674 మైళ్ళు కుక్కల స్లెడ్ల మీద వంతులవారీగా మందు చేర్చారు, ఐదున్నర రోజుల్లో. అందరికన్నా ఎక్కువ దూరం లాగింది టోగో అనే కుక్క. ఆఖరి వంతు లాగిన బాల్టోకి ఆ యేడే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం. తాత ఎప్పుడూ టోగో తరఫున పోట్లాడే మనిషి, సొంత వాకిట్లో మాత్రం పారిపోయినవాడికి పండగ!

రెంచికి లలితే న్యాయం చేసింది. ఊరినుంచి తెచ్చిన నెయ్యి డబ్బా తీసి గరిటెడు పెట్టింది. నాకు అదే నెయ్యి చెంచాతో కొలిచి వేస్తుంది.

ఒరేయ్, నిజానికి రాద్దామనుకున్నది ఇంకోటి ఉంది. లలిత ఇక్కడే ఉండిపోదామంటోంది. తాతకీ నడుం పోతోంది, కుక్కల్లో సగం మమ్మల్ని తీసుకోమంటున్నారు. నాకు లోపల ఇష్టమేనేమో, కానీ అమ్మకి చెప్పాలంటే... నువ్వొకసారి మా ఇంటికెళ్ళి ముందు మాటగా

ఇంజను చలికి బిగుసుకుపోకుండా ట్రక్కుకి రాత్రంతా పెట్టిన కరెంటు వైరు తాత పీకేశాడు, హారన్ కొడుతున్నాడు. నీళ్ళకీ పోస్టాఫీసుకీ వారానికోసారే టౌన్‌కి వెళ్ళేది, ఇది తప్పితే నువ్వు ఉగాదికి తిడతావు. మాగాయ పంపు. చెల్లెమ్మకి సుబ్బిగాడి సంగతి చదివి వినిపించు, ప్లాట్‌ఫామ్ ముక్క వదిలేసి.

నీ
బుచ్చి