కాగితాల్లో లేని మేడగది

ఒరేయ్ శీనూ,

గుంటూరు బ్రాడీపేట ఇల్లు అమ్మకం ఏమైందని అడిగావుగా. ఫోన్లో తెగే విషయం కాదురా, తీరుబడిగా చదువు.

మొదట వచ్చినవాళ్ళతో బేరం కుదిరిపోయింది. అడ్వాన్సు ఇచ్చేలోపే వాళ్ళ బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే వాల్యుయర్ వచ్చి, మంజూరైన ప్లాన్ అడిగాడు. బీరువా అడుగున దొరికింది, 1983 నాటిది, మడతల దగ్గర చిరిగిపోయి. అందులో కింద వాటా, వెనక వరండా, అంతే. మనం ఇంటర్‌కి చదువుకున్న మేడగది లేదు. వరండా మూసి చేసిన వంటిల్లు లేదు. సందులోకి జరిపిన మెట్లు అసలే లేవు. ఆయన టేపు పెట్టి కొలిచి, "ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మొత్తం మింగేశారు కదండీ" అన్నాడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, కట్టడం పూర్తయిందనో, కాపురం ఉండొచ్చనో ఇచ్చే కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే భవనాల మీద అప్పులివ్వాలని బ్యాంకులకి చెప్పిందిగా, అది కూడా గుర్తు చేశాడు. లోన్ రాలేదు, వాళ్ళు తప్పుకున్నారు.

నాన్న సంగతి నీకు తెలుసు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే తాపీమేస్త్రీకి కబురు పెట్టేవాడు. ఆయన చెయ్యి చూపించిన చోట గోడ లేచేది. 2007 చివర్లో ప్రభుత్వం బీపీఎస్ అని, అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణ పథకం పెట్టి, 1985 నుంచి ఆ డిసెంబరు 15 దాకా కట్టినవాటిని జరిమానాతో సక్రమం చేసుకోమన్నారు. "పై వాటాకి కూడా పన్ను కడుతున్నాం, ఇంకేం కావాలి?" అన్నాడు నాన్న. పన్ను వేసినంత మాత్రాన కట్టడం సక్రమం కాదంటే ఆయన చెవికెక్కితేగా!

దస్తావేజులు, రిజిస్ట్రారాఫీసులో ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉన్నాయి, అక్కడ టెన్షన్ లేదు. కానీ ఈసీలో అమ్మకాలూ తాకట్లూ కనపడతాయి గానీ గోడలు కనపడవు కదరా.

బ్రోకరేమో, "ఏదీ ఎత్తకండి, లోన్ అక్కర్లేని పార్టీని తెస్తా" అంటాడు. నాకు మనసొప్పలేదు. మేడగది ఎవరికైనా కనిపిస్తుంది. హాలు పెద్దదవ్వాలని మధ్యగోడ తీయించి పోయించిన బీము సంగతో? అందులో ఎంత ఇనుము పడిందో తెలిసిన మేస్త్రీ ఇప్పుడు లేడు. కొనేవాడి కంటికి ఆనని లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. అందుకే ఓ స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించా. బీము పడమటి కొసన పగులుందని, పైన నీళ్ళ ట్యాంకు అక్కణ్ణుంచి జరపమని రాసిచ్చాడు.

ఏ మార్పు ఎప్పుడు జరిగిందో అమ్మని అడిగి రాస్తున్నా. ఆవిడకి సంవత్సరాలు గుర్తుండవు. వంటిల్లు చెల్లి పురుడప్పుడట. మెట్లు నాన్న రిటైరయ్యాక వచ్చిన కృష్ణా పుష్కరాల ఏడాదట, అంటే 2004. వాటికి బిల్లుల్లేవు కాబట్టి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను, అదే క్యాపిటల్ గెయిన్స్, దాని లెక్కలో ఆ ఖర్చు చూపించలేమన్నాడు ఆడిటరు. పాత ఇల్లు కనక అసలు ఖర్చు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అదొక్కటే ఊరట.

ఇప్పుడింకొకాయన వచ్చాడు. పడగొట్టి కట్టుకుంటాడట, ఇంటికి కాక స్థలానికే, గజాల లెక్కన మాట్లాడుతున్నాడు. కాగితాలన్నీ ముందే పెట్టా, మారు మాట్లాడలేదు. అమ్మకి మాత్రం కాపురం ఉండేవాళ్ళకే ఇవ్వాలని ఉంది, కాస్త తగ్గినా సరేనట. నువ్వు సివిల్ చదివావు కదా, ఇంజనీరు రిపోర్టు ఫొటో పంపిస్తున్నా. ఆ బీముకి మరమ్మతు ఎంతవుతుందో కాస్త లెక్కగట్టి చెప్పు. అది తేలాకే ఆయనకి మాటిస్తా.

వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు