రంజీ స్కోరు పూర్తిగా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఐపీఎల్ జరిగే ఏప్రిల్, మే నెలల్లో క్రీడల పేజీ చాలక మొదటి పేజీకి ఎక్కే క్రికెట్, అక్టోబరులో రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీ మొదలయ్యేసరికి లోపలి పేజీ అడుగున నాలుగు లైన్లకు దిగిపోతోంది. హైదరాబాద్, ఆంధ్ర జట్ల మీద జనానికి ఆసక్తి పోయింది కాబట్టే చోటు తగ్గించామని పత్రికల వాళ్లు అంటుంటారు. ఆసక్తి తగ్గిన మాట నిజమే. దాన్ని తగ్గించినవాటిలో ఆ నాలుగు లైన్లు కూడా ఉన్నాయన్నది మా వాదన. నాలుగు రోజుల ఆటలో నిన్న ఎక్కడ ఆగిందో, ఇవాళ ఏం తేలాలో తెలియకపోతే ఎంతటి అభిమానైనా రెండు సీజన్లలో వదిలేస్తాడు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం ‘మ్యాచ్ డ్రా’ అన్న శీర్షికతో జరుగుతోంది. రంజీ లీగ్ దశలో పూర్తి విజయానికి 6 పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతోగానీ 10 వికెట్ల తేడాతోగానీ గెలిస్తే 7. డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం తెచ్చుకున్న జట్టుకు 3, రెండో జట్టుకు 1. రెండు జట్ల తొలి ఇన్నింగ్స్‌లూ పూర్తికాకపోతే చెరొకటి. అంటే ఒకే డ్రా ఒక జట్టుకు మూడు పాయింట్లు తెస్తే ఇంకో జట్టును ఒక్క పాయింటుతో ఇంటికి పంపుతుంది. రంజీలో పై అంచె అయిన ఎలీట్‌లో గ్రూపుకు 8 జట్లు, జట్టుకు 7 లీగ్ మ్యాచ్‌లు. పై రెండు జట్లే క్వార్టర్‌ఫైనల్‌కు వెళతాయి. ఇంత తక్కువ మ్యాచ్‌లలో ఆ రెండు పాయింట్ల తేడాయే సీజన్‌ను తేల్చేస్తుంది. ఆ ఆధిక్యం ఎవరికి దక్కిందో చెప్పని డ్రా వార్త ఫలితం చెప్పని వార్తే. 1986-87లో హైదరాబాద్ ఢిల్లీని ఓడించి రంజీ ట్రోఫీ తెచ్చుకున్నది కూడా తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతోనే. అంతకుముందు 1937-38 ఫైనల్‌లో నవానగర్ జట్టు మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. ఈ జట్టు చరిత్రంతా ఇలాంటి సన్నని తేడాల మీదే నిలబడింది. తేడా ఎంతో చెప్పకపోతే ఆ చరిత్ర కూడా పాఠకుడికి చేరదు.

నాలుగు లైన్లలో ఏం పోతుందో చెప్పడానికి ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో ఆంధ్ర ఆడిన రెండు క్వార్టర్‌ఫైనల్స్ చాలు. 2023లో ఆంధ్ర తొలి ఇన్నింగ్స్‌లో 379 పరుగులు చేసి, మధ్యప్రదేశ్‌ను 228కి ఆపి, 151 పరుగుల ఆధిక్యం సంపాదించింది. మణికట్టు విరిగిన హనుమ విహారి, కుడిచేతి బ్యాటర్ అయ్యుండీ, చివరి వికెట్‌కు దిగి ఎడమచేతి వాటంతో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో 93కే జట్టు కుప్పకూలింది. మధ్యప్రదేశ్ 5 వికెట్ల తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది రెండు ఇన్నింగ్స్‌లలో మధ్యప్రదేశ్ 234, 107; ఆంధ్ర 172, 165. నాలుగు పరుగుల తేడాతో ఆంధ్ర ఓడిపోయింది. ‘క్వార్టర్స్‌లో ఆంధ్ర ఓటమి’ అని రెండుసార్లూ ఒకే శీర్షిక పెడితే, గెలుపు చేతికొచ్చి జారిపోయిన ఈ రెండు మ్యాచ్‌లూ పాఠకుడికి ఒకేలా కనిపిస్తాయి. మరి మూడోసారి ఎదురుచూడమంటే ఎందుకు చూస్తాడు?

చోటు లేదన్న మాటకూ జవాబుంది. బ్యాటర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పెట్టకుండా కలిపి వేస్తే ఒక ఇన్నింగ్స్ స్కోరుకార్డు సింగిల్ కాలమ్‌లో పదిహేను, ఇరవై లైన్లకు మించదు. అందులో ఔటైన తీరు, ఎక్స్‌ట్రాలు, మొత్తం, ఓవర్లు, వికెట్ల పతనం, బౌలింగ్ వివరాలు అన్నీ పడతాయి. ఆ మాత్రం చోటు కూడా లేని రోజున ఔటైన తీరు తీసేయండి కానీ ఓవర్ల సంఖ్యను, వికెట్ల పతనాన్ని తీయకండి. ‘312/6’ అని వేస్తే అది 90 ఓవర్లలో చేసిందో 70 ఓవర్లలో చేసిందో తెలియదు. 80 ఓవర్లు దాటాక కొత్త బంతి వస్తుంది కాబట్టి మరునాటి ఉదయం ఆట ఎటు తిరుగుతుందో ఆ సంఖ్యను బట్టే ఊహించాలి. శీతాకాలంలో ఉత్తరాది మైదానాల్లో పొగమంచు వల్ల, వెలుతురు చాలక ఓవర్లు పోతుంటాయి. ఎన్ని పోయాయో రాయకపోతే మ్యాచ్ ఎందుకు తేలలేదో అర్థం కాదు. ఫాలోఆన్ (వెనకబడిన జట్టును వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దించడం) దగ్గర కూడా పాఠకులు తికమక పడుతుంటారు: టెస్టుల్లో 200 పరుగుల ఆధిక్యం కావాలి, నాలుగు రోజుల మ్యాచ్‌లో 150 చాలు. వార్తలో ఒక్క వాక్యం ఉంటే సరిపోతుంది.

సమయం అసలు అడ్డంకే కాదు. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ పదకొండు దాటాక ముగిసినా ఫొటోతో సహా పొద్దున్నే పేపర్లో ఉంటుంది. రంజీ ఆట సాధారణంగా ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగున్నరకు ముగుస్తుంది. బీసీసీఐ సైట్‌లో బంతి బంతికీ స్కోరు ఉంటుంది. జిల్లా ఎడిషన్‌కు కూడా సులువుగా అందుతుంది. ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తను తెలుగు చేసేటప్పుడు ఒకే ఆటగాడి పేరు మూడు రోజుల్లో మూడు రకాలుగా పడడం మాత్రం ఆపాలి. సీజన్ మొదట్లోనే రెండు జట్ల ఆటగాళ్ల పేర్లూ తెలుగులో ఎలా రాయాలో ఒక జాబితా చేసి డెస్క్‌లో పెట్టుకుంటే చాలు.

2024-25 నుంచి సీజన్ రెండు ముక్కలైంది. మొదట ఐదు లీగ్ మ్యాచ్‌లు, ఆ తర్వాత పరిమిత ఓవర్ల టోర్నీలు, మిగతా రెండు మ్యాచ్‌లు జనవరి నెలాఖరులో. ఈ విరామంలో ఎవరికి ఎన్ని పాయింట్లున్నాయో ఎవరికీ గుర్తుండదు. రెండో విడతకు ముందురోజు గ్రూపు పాయింట్ల పట్టిక, క్వార్టర్స్ చేరాలంటే మన జట్టుకు ఇంకా ఎన్ని కావాలో రెండు వాక్యాలు, మ్యాచ్ ఏ మైదానంలోనో వేయండి. హైదరాబాద్ మ్యాచ్ అంటే ఉప్పల్ అనుకుని వెళితే అది జింఖానాలో జరుగుతుండవచ్చు. ఆంధ్ర మ్యాచ్ విశాఖలోనో, విజయనగరంలోనో, అనంతపురంలోనో పడవచ్చు. ఏ గేటు తెరుస్తారు, ప్రవేశం ఉచితమా కాదా అన్నది కూడా ముందే తెలియాలి. క్రికెట్ సంఘాలకూ ఒక మనవి: మధ్యాహ్నం నీడ పడమటి వైపు స్టాండ్‌లోనే ఉంటుంది. తెరిచేది ఒక్కటే అయితే దాన్నే తెరిచి, తాగునీళ్లు పెట్టండి.

అభిమానులు స్టార్ల కోసమే వస్తారని అంటారు. 2025 జనవరిలో ఢిల్లీ తరఫున విరాట్ కోహ్లీ రంజీ ఆడితే వేలమంది వచ్చారు. అతను 6 పరుగులకే ఔటయ్యాక చాలామంది లేచి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం, మిగతా పదిమంది ఎవరో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మన దగ్గరా అంతే. 2016-17 రంజీలో మహమ్మద్ సిరాజ్ 41 వికెట్లు తీశాడు. అతని పేరు ఇంటింటికీ చేరింది మాత్రం ఆ తర్వాతి ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికినప్పుడే. నితీశ్ కుమార్ రెడ్డి 2020లోనే ఆంధ్ర రంజీ జట్టులోకి వచ్చినా, 2024 ఐపీఎల్ దాకా ‘ఎవరీ కుర్రాడు’ అనే అడిగారు. ఏళ్ల తరబడి స్కోరుకార్డులో చూసిన పేరు మెల్‌బోర్న్ టెస్టులో 114 కొడితే కలిగే ఆనందం వేరు. ఆ ఆనందం మన పాఠకుల్లో చాలామందికి దక్కలేదు. వేలంలో కొన్న ఐపీఎల్ జట్టులో ఆటగాళ్లు మారుతుంటారు. ఫ్రాంచైజీయే ఉండకపోవచ్చు కూడా. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012 తర్వాత లేదు. 2022-23లో అట్టడుగుకు చేరి కింది అంచె అయిన ప్లేట్‌కు పడిపోయిన హైదరాబాద్ రంజీ జట్టు మాత్రం మరుసటి ఏడాదే ప్లేట్ గెలిచి తిరిగొచ్చింది. ఆ సీజన్‌లోనే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ చేసి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనే అత్యంత వేగవంతమైన ట్రిపుల్‌గా రికార్డు సృష్టించాడు. ప్రత్యర్థి బలహీనమైనదే అయినా 26 సిక్సర్లు సామాన్యం కావు.

మహిళల దేశవాళీ టోర్నీలకు ఇప్పుడు ఆ నాలుగు లైన్లు కూడా దక్కడం లేదు. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడిన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆంధ్ర తరఫున ఆడుతూ ఎదిగింది. వచ్చే సీజన్‌లో ఆంధ్ర, హైదరాబాద్ మహిళల జట్ల మ్యాచ్‌లకు కనీసం సంక్షిప్త స్కోర్లు, రంజీకి పూర్తి స్కోరుకార్డు, ప్రతి రౌండ్ ముగిసిన మరునాడు పాయింట్ల పట్టిక అచ్చు వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
రంజీ అభిమానులు,
సికింద్రాబాద్