చేయి దూరని చోట రిపేరు హక్కు

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారం. 2022 డిసెంబరులో మీ శాఖ, కంపెనీల రిపేరు సమాచారాన్ని ఒకచోట ఉంచే రిపేరు హక్కు పోర్టల్ తెచ్చినప్పుడు ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. పాత కార్లు నడుపుకునే మాలాంటి వాళ్ళం సంతోషించాం. వస్తువు ఎంత తేలికగా బాగవుతుందో మార్కులు వేసి చెప్పే సూచీ కోసం 2024లో కమిటీ కూడా వేశారు. 2025లో వచ్చిన ఆ కమిటీ నివేదిక మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువుల గురించే మాట్లాడింది. కారు గడప బయటే ఉండిపోయింది. దాన్ని లోపలికి పిలవమని అడగడానికే ఈ లేఖ.

అయ్యా, మా చెన్నైలో విడిభాగాలకు కరువు లేదు. కొత్తవి కావాలంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఉంది, పాతవైతే పుదుప్పేట ఉంది. కాస్త తిరిగితే పార్టు చేతికి వస్తుంది. ఆ చేయి పార్టు బిగించవలసిన చోటికి వెళ్ళదు. మా బాధంతా అక్కడే.

మాది 2010 నాటి కారు. ఎండలు ముదిరే వేళకు ఏసీ చల్లదనం తగ్గింది. గ్యాస్ నింపిస్తే కొద్ది రోజుల్లోనే ఖాళీ అవుతోంది. చివరికి కూలింగ్ కాయిల్ చిల్లు పడిందని తేలింది. ఆ కాయిల్ ఒక మోస్తరు పుస్తకమంత ఉంటుంది. ఉండేది మాత్రం డ్యాష్‌బోర్డు వెనక, ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే గోడకు ఆనించి బిగించిన పెట్టెలో. దాన్ని బయటికి తీయాలంటే బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టీరింగు ఊడదీసి, మీటర్ల పెట్టె, రేడియో, గ్లవ్‌బాక్స్ ఒక్కొక్కటే విప్పి, వైర్ల కట్టలకు గుర్తులు పెట్టుకుని, ఆఖరికి ఇద్దరు మనుషులు డ్యాష్‌బోర్డును చెరో వైపు పట్టి తలుపులోంచి బయటికి లాగాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా మెకానిక్ పని మొదలుపెట్టక ముందే తేల్చి చెప్పాడు. "కాయిల్ ధర ఇప్పుడే చెబుతాను సార్. లేబర్ మాత్రం విప్పాక మాట్లాడుకుందాం. ఈ క్లిప్పులు ఎన్ని విరుగుతాయో ఆ దేవుడికే తెలియాలి." అన్నట్టే అయింది. ఏళ్ళ తరబడి చెన్నై ఎండ తిన్న ప్లాస్టిక్కు కదా, ముట్టుకుంటే పుటుక్కుమంది. బిల్లులో కాయిల్ కంటే లేబరే ఎక్కువ. ఇప్పుడు ఏసీ చల్లగానే ఉంది. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మాత్రం కిటకిటమంటోంది. ఇందులో మెకానిక్ తప్పేమీ లేదు.

ఇలా కాక వేరే దారి లేదా అంటే, ఉంది. పెట్రోలు పంపునే చూడండి. చాలా కార్లలో అది ట్యాంకు లోపల ఉంటుంది. కొన్ని కార్లలో వెనక సీటు ఎత్తితే ఒక గుండ్రటి మూత కనిపిస్తుంది. నాలుగు స్క్రూలు విప్పితే పంపు చేతికి అందుతుంది. ఆ మూత పెట్టని కార్లలో ట్యాంకునే కిందికి దించాలి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన బోల్టు మధ్యలో విరిగిందంటే ఇంకో పని తగులుకుంటుంది. రెండు రకాల కార్లలోనూ పంపు చేసేది ఒకే పని. తేడా అంతా ఆ రేకు మూతలోనే ఉంది. దానికి ఖర్చెంత?

అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసిన వాళ్ళకు ఇంజను చుట్టూ ఉన్న ఖాళీ గుర్తుండే ఉంటుంది. ఆ కాలం మళ్ళీ రావాలని నేను అడగడం లేదు. ఏసీ, ఎయిర్‌బ్యాగులు, పొగను శుద్ధి చేసే సామగ్రి, గుద్దినప్పుడు నలిగి మనుషులను కాపాడే ముందు భాగం, వీటన్నిటికీ చోటు కావాలి. కానీ ఈ ఇరుకులో ప్రభుత్వం వాటా కూడా ఉంది. 2006 బడ్జెట్ నుంచి 4 మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారినప్పుడూ ఆ గీత చెరగలేదు. ఆ గీత దాటకుండా లోపల కూర్చునే వారికీ, డిక్కీకీ చోటు మిగల్చాలంటే ఇంజను గదినే నొక్కాలి. పన్ను రాయితీ కారు కొన్నవాడికి ఒకసారి దక్కుతుంది. ఆ కారు మూడో చేతికి వచ్చాక కూడా ఇరుకు తాలూకు బిల్లు వస్తూనే ఉంటుంది.

పైగా పాత కారు ఉంచుకోవడమే నేరమన్నట్టుంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. సరే, కట్టాం. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గిన బండి కూడా ఒక లేబర్ బిల్లు చూసి తుక్కుకు పోతుంటే, ఆ పరీక్ష పెట్టి ఏం లాభం?

విడిభాగాలూ, రిపేరు పుస్తకాలూ, పరీక్షించే పరికరాలూ బయటి మెకానిక్‌లకు అందాలని, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసి మరీ చెప్పింది. వ్యవహారం అప్పీళ్ళకు వెళ్ళిందనుకోండి, అది వేరే కథ. పార్టు దొరకడం గురించి ఆ మాత్రమైనా చర్చ జరిగింది. పార్టు బిగించే చోటికి చేయి అందడం గురించి ఎవరూ మాట్లాడలేదు.

విదేశాల్లో కొంత నయం. ఐక్యరాజ్యసమితి 48వ వాహన నిబంధన ప్రకారం, మార్చడానికి వీలున్న బల్బును నిపుణుడి సాయం లేకుండా, కారుతో ఇచ్చినవి తప్ప వేరే ప్రత్యేక పనిముట్లు అక్కర్లేకుండా మార్చుకునే వీలుండాలి. బల్బు కోసం బంపరు ఊడదీయించుకున్న వాళ్ళకు ఆ వాక్యం విలువ తెలుస్తుంది. ఫ్రాన్సులో 2021లో ఫోన్లు, వాషింగ్ మెషీన్ల వంటి వాటికి రిపేరు మార్కులు వేయడం మొదలుపెట్టారు. వస్తువును విప్పడం ఎంత తేలికో కూడా ఆ మార్కుల లెక్కలో ఉంటుంది.

కార్లను మీ సూచీలో చేర్చండి. హెడ్‌లైట్ బల్బు, పెట్రోలు పంపు, స్టార్టర్ మోటారు, క్లచ్ ప్లేటు, కూలింగ్ కాయిల్ మార్చడానికి ఎన్ని గంటలు పడుతుందో ప్రతి మోడల్‌కూ కంపెనీ బహిరంగంగా ప్రకటించాలని నిబంధన పెట్టండి. దీనికోసం కొత్తగా కొలతలు తీయించనక్కర్లేదు. వారంటీ పనులకు డీలర్లకు చెల్లించేందుకు ఏ పనికి ఎన్ని గంటలో కంపెనీలు ముందే లెక్క కట్టి పెట్టుకుంటాయి. ఆ పట్టికను షోరూములో మైలేజీ అంకె పక్కనే అతికించమనండి, చాలు.

ఇట్లు,
చూళైమేడు, చెన్నై నుంచి
ఒక పాత కారు యజమాని