గుంతలు తవ్వే ముందు ఒక్క గడ్డపార పోటు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను ఉండేది హైదరాబాద్, అత్తాపూర్‌లో. మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. మా ఊరు వికారాబాద్ దాటి జహీరాబాద్ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. మా మేనమామ ఇప్పటికీ అక్కడ గొర్రెలు కాస్తాడు. ఈ లేఖ సగం ఆయన మాట, సగం నా మాట.

నిరుడు వానాకాలంలో మా ఊరి గుట్ట మీద మొక్కలు నాటారు. ఎవరు నాటించారో పేరు పెట్టి రాయను, వాళ్ళు మంచి ఉద్దేశంతోనే చేశారు. గుట్ట నిండా అడుగున్నర గుంతలు తవ్వి కానుగ, వేప మొక్కలు పెట్టారు. శ్రావణంలో నేను వెళ్ళి చూస్తే గుంతల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. వాన వెలిసి రెండు రోజులైనా ఇంకలేదు. ఒక కానుగ మొక్కను పట్టుకుని మెల్లగా లాగితే, గంజిలోంచి గరిటె తీసినట్టు వచ్చేసింది. వేళ్ళ చివర్లు నల్లబడి మెత్తగా ఉన్నాయి, కుళ్ళిన వాసన. మళ్ళీ మే నెలలో వెళ్ళాను. అవే గుంతల్లో మట్టి ఎండి ముద్దకట్టి, గుంత గోడనుంచి విడిపోయి ఉంది. ఆ సందులో నా చూపుడు వేలు రెండు కణుపుల దాకా దిగింది. బతికి ఉన్న ఒకటి రెండు మొక్కల వేళ్ళు ఆ సందు దగ్గర దారాల్లా తెగి ఉన్నాయి. వానల్లో మునిగి చచ్చినవి కొన్ని, ఎండల్లో తెగి చచ్చినవి కొన్ని.

నీళ్ళు పోయలేదనో, కాపలా పెట్టలేదనో ఊళ్ళో కూలీలను తిట్టారు. నాకు తెలిసినంతలో వాళ్ళ తప్పేమీ లేదు. అక్కడ ఉన్న మట్టే అలాంటిది.

హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైటు. అది అరిగితే ఎర్ర చెల్క, దుబ్బ నేలలు వస్తాయి. పడమటికి పోతే బసాల్టు మొదలవుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా, దక్కన్ ట్రాప్స్ అంటారు. ఆ రాయి అరిగితే నల్ల బంకమట్టి అవుతుంది. పల్లంలో అదే మట్టి మీటరుకు పైగా పేరుకుని రేగడి అయింది, పత్తికీ శనగకీ బంగారం. గుట్ట మీద మాత్రం వాలు వల్ల వాన ఎప్పటికప్పుడు మట్టిని కిందికి తోసేస్తుంది. పైన మిగిలేది జానెడు, మహా అయితే మూరెడు. దాని కింద మొరం, దాని కింద రాయి. మట్టి సర్వే లెక్కలో 25 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటే లోతు తక్కువ నేల, 25 లోపుంటే మరీ తక్కువ లోతు. మా గుట్ట మీద నేను గడ్డపారతో పొడిచి చూసిన చోట్ల ఎక్కువ భాగం 30 దగ్గరే ఠంగుమంది.

అంత పలచని మట్టి బంకదై ఉండటమే అసలు చిక్కు. పిడికెడు తీసుకుని తడిపి అరచేతుల మధ్య పాముకుంటే సన్నటి తాడవుతుంది, దాన్ని ఉంగరంలా వంచినా విరగదు. మా చిన్నప్పుడు ఎద్దుల బొమ్మలు చేసుకున్న మట్టి అదే. ల్యాబులో చూస్తే ఇలాంటి నేలల్లో 2 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు 40 శాతం దాటుతాయి. వాటిలో ఎక్కువది తడిస్తే ఉబ్బి ఎండితే ముడుచుకునే రకం. నెర్రెలిచ్చిన నేల తొలకరి చినుకును గటగటా తాగేస్తుంది. ఆ తర్వాత ఉబ్బి, నెర్రెలు మూసుకుని, ఇక చుక్క దిగనివ్వదు. మిగతా వానంతా వాలు మీదుగా పారిపోతుంది. అలాంటి నేలలో గుంత తవ్వడమంటే రాయి అడుగుగా, బంకమట్టి గోడలుగా ఒక బిందె చేసినట్టే.

చిన్న లెక్క చెప్తాను. బంకమట్టి మీటరు లోతుంటే మొక్కకు అందే నీళ్ళు, వానను కొలిచినట్టు కొలిస్తే, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు పట్టి ఉంచుతుంది. 30 సెంటీమీటర్లకే రాయి తగిలితే నికరంగా మిగిలేది 5 సెంటీమీటర్లు. మట్టిలో కలిసి ఉన్న రాళ్ళ వాటా తీసేస్తే ఇంకా తక్కువ. రోజుకు 5 మిల్లీమీటర్లు పోయినా పది రోజుల్లో ఖాళీ. మన దగ్గర వానల మధ్యలో పదిహేను రోజులు ఎండ కాయడం కొత్తేమీ కాదు. పైగా మిగిలిన తేమను బంకమట్టి గట్టిగా పట్టుకుని వదలదు. చేతికి మట్టి చల్లగానే తగులుతుంది, మొక్క మాత్రం దాహంతో చస్తుంది.

మరి ఆ గుట్ట మీద ఏమీ బతకదా అంటే, బ్రహ్మాండంగా బతుకుతుంది. గడ్డి. దాని వేళ్ళు కుచ్చులా పైపైనే ఉంటాయి, పది రోజుల నీళ్ళు దొరికితే పెరుగుతుంది, లేకపోతే వాడిపోయి ఊరుకుంటుంది, మళ్ళీ చినుకు పడగానే లేస్తుంది. 1970లలో దేశంలోని గడ్డి నేలలను వర్గీకరించినవాళ్ళు దక్కన్ పీఠభూమి గడ్డిని సెహిమా–డైకాంథియం రకం అన్నారు. మా మామకు ఆ పేర్లు తెలియవు. ఏ గడ్డి ఏ కార్తెలో గొర్రె ముట్టుకుంటుందో, ఏ గడ్డి గింజ ముదిరితే ఈటెలా చర్మంలోకి దిగుతుందో చెప్తాడు. రాయి పగిలి సందున్న చోట తంగేడు, రేగు, సీతాఫలం వాటంతట అవే లేస్తాయి, వేళ్ళు సందులోంచి కిందికి పోతాయి కాబట్టి. బతుకమ్మకు మనం తెచ్చుకునే తంగేడు, గునుగు ఎక్కువగా ఇలాంటి బీళ్ళవే. తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడా. దాన్ని పీకేసి కానుగ నాటిన గుంతలు మా గుట్ట మీద రెండు చూశాను. (నవ్వాలో ఏడవాలో తెలియలేదు.)

ఇలాంటి నేలలకు మన కాగితాల్లో దొరికే పేరు బంజరు. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహ చిత్రాలతో తయారైన బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేల కూడా ఒక రకం బంజరే. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం పాతవాళ్ళు గైరాన్, బంచరాయి, కంచె అని రాశారు. అన్నీ మేతకు సంబంధించిన మాటలే. కంచ గచ్చిబౌలి పేరులో ఇంకా మిగిలి ఉన్నదీ ఆ మాటే. 2019 పశుగణనలో తెలంగాణ 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అవన్నీ ఎక్కడ మేస్తాయనుకున్నారు?

మా వాళ్ళను వెనకేసుకు రావడం లేదు. వానలకు నానిన గుట్ట మీదికి మందను తోలితే గిట్టల కింద బంకమట్టి అణిగిపోతుంది. ఎండాక అక్కడ గింజ మొలవదు. "తడిల తోలితే గుట్ట ఇటుకైతది రా" అని మా తాత అనేవాడని మామే చెప్తాడు, చెప్తూనే తోలతాడు. ఇంకెక్కడికి తోలాలి, పల్లమంతా పత్తి వేశారు కదా అంటాడు. ఆయన అన్నదీ నిజమే. ముసురు పట్టిన రోజుల్లో మందకు వేరే మేత చూపిస్తే గుట్టకు విశ్రాంతి దొరుకుతుంది. అది పశుసంవర్ధక శాఖ వాళ్ళతో మీరు కూర్చుని తేల్చాల్సిన సంగతి.

అమెరికాలో 1930లలో దుమ్ము తుఫానులు చూశాక, 1935లో మట్టి సంరక్షణకు ఒక విభాగం పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఎన్‌ఆర్‌సీఎస్. వాళ్ళు మేత నేలలను మట్టిని బట్టి విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో పత్రం రాస్తారు. వయోమింగ్ రాష్ట్రంలో 'షాలో క్లేయీ', అంటే లోతు తక్కువ బంకనేల, అనే రకమే ఉంది. 10 నుంచి 20 అంగుళాల బంకమట్టి, దాని కింద మనలా బసాల్టు కాకుండా మెత్తని షేల్ రాయి. అక్కడ ఏ గడ్డి ఉండాలి, అతిగా మేపితే ఏది పోయి ఏది వస్తుంది, అన్నీ ఆ పత్రంలో ఉంటాయి. మనకు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా ఉంది, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. గుట్టకో పత్రం రాయడానికి మనుషులకు కొదవ లేదు.

అంతదాకా ఆగలేమంటే నేను అడిగేది చిన్నదే. మొక్కలు నాటే ప్రతిపాదన ఫారంలో 'మట్టి లోతు' అని ఒక గడి పెట్టించండి. ఎకరానికి నాలుగు చోట్ల గడ్డపారతో పొడిచి, రాయి ఎంత లోతులో తగిలిందో రాయమనండి. పక్కనే, తడిపిన మట్టి తాడయిందా లేదా అని రాయమనండి. అరగంట పని. లోతు రెండడుగుల లోపుండి, తాడయితే ఆ ముక్కలో గుంతలు వద్దు, గడ్డిని వదిలేయండి. పైన ఉన్న రాళ్ళనూ ఏరించొద్దు, చినుకు దెబ్బ మట్టికి తగలకుండా కాసేది అవే. మొక్కలు గుట్ట పాదం దగ్గర నాటించండి. పైనుంచి కొట్టుకొచ్చిన మట్టంతా ఉన్నది అక్కడే, వేప అక్కడ హాయిగా పెరుగుతుంది.

మృగశిర కార్తెకు ముందే ఈ గడి ఫారంలోకి వస్తే మా మండలంలో మొదటి గుట్టకు నేనే గడ్డపార పట్టుకుని వస్తాను. మామ కూడా వస్తానన్నాడు, మందను ఎవరికైనా అప్పజెప్పగలిగితే.

ఇట్లు,
మట్టి పరీక్షల ల్యాబు మాజీ ఉద్యోగి,
అత్తాపూర్, హైదరాబాద్