కడపకు సముద్రం లేదు, అయితే ఏంది?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కడపలో నాపరాయి బండల వ్యాపారం చేస్తుంటాను. ఉత్తరాలు రాసే అలవాటు పెద్దగా లేదు. ఇంతకుముందు మీకు ఒకేసారి రాశాను, అదీ మా వీధి కాలువ గురించి. మీరు వేయలేదు, పర్వాలేదు. ఇదైతే వేయండి, ఇది మా ఒక్క వీధి గోల కాదు.

మీ చదువుల పేజీని మా ఇంట్లో ఒక అట్టపెట్టెలో దాచిపెడతాం. మా పాప ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచీ ఉన్నాయి. మొన్న కరెంటు పోయిన మధ్యాహ్నం కూర్చుని అన్నీ తిరగేశాను. ఈఏపీసెట్, నీట్, గ్రూప్స్, బ్యాంకులు, రైల్వే, కోడింగ్, విదేశాల్లో ఎంఎస్, అన్నీ ఉన్నాయి. సముద్రం గురించి ఒక్క ముక్క లేదు. రెండు మూడు చోట్ల ఆక్వా అని ఉంది గానీ అది భీమవరం వైపు రొయ్యల చెరువుల సంగతి. సముద్ర శాస్త్రంలో ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయని, పీజీ తర్వాత నెల నెలా డబ్బులిచ్చి మరీ పరిశోధన చేయిస్తారని, దానికి కడప పిల్ల కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని నాకు తెలిసింది మా పాప వల్లే, అదీ ఒక ఏడాది పోగొట్టుకున్నాక.

మన రాష్ట్రంలో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మంచి ఆలోచనే. కానీ జరుగుతున్నదేందంటే, మా పాప క్లాసులో ఒకమ్మాయి ఆన్‌లైన్‌లో ఎవరికో 1,200 రూపాయలు ఫోన్‌పే చేసింది, పది రోజుల్లో బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్ వచ్చింది. రెండు నెలలు పని చేసినట్టు. ఏం పని చేశావమ్మా అంటే నవ్వింది. ఆ అమ్మాయిది తప్పని నేనను, అందరూ చేస్తున్నదే తనూ చేసింది, కాలేజీ కూడా ఫైల్లో కాగితం ఉందా లేదా అన్నదే చూసింది.

మా పాపది బీఎస్సీ జువాలజీ. రెండో ఏడాదిలోనే ఎక్కడో చదివి తీరంలో ఒక పరిశోధన కేంద్రానికి వెళ్తానంది. వాళ్ళ సార్ ఒకాయన, మంచాయనే, నవ్వి “సముద్రమా? మనకు యాడుందమ్మా సముద్రం?” అన్నాడట. కాలేజీ నుంచి ఒక లెటర్ కావాలి, ఈ విద్యార్థిని మా దగ్గర చదువుతోంది, పంపడానికి మాకు అభ్యంతరం లేదు అని నాలుగు లైన్లు, కింద సంతకం, స్టాంపు. అంతే. ఆ నాలుగు లైన్ల కోసం పదహారు రోజులు తిరిగింది. ఒకరోజు క్లర్కు లేడు, ఒకరోజు ప్రిన్సిపాల్ మీటింగు, ఒకరోజు స్టాంపు బీరువాలో ఉంది బీరువా తాళం ఇంకొకరి దగ్గరుంది. లెటర్ చేతికొచ్చిన రోజుకు ఆఖరి తేదీ దాటి రెండు రోజులు. నేను వెళ్ళి గొడవ పెట్టుకుందామనుకున్నా, పాపే వద్దంది, ఇంకో ఏడాది అక్కడే చదవాలి నాన్నా అని.

మరుసటి ఏడాది నవంబరులోనే మొదలుపెట్టి లెటర్ సంపాదించింది. వెళ్ళింది. రెండు నెలలు. డబ్బులేమీ ఇవ్వలేదు, బస మనదే. హాస్టల్‌కు, తిండికి, రైలుకు కలిపి నాకు 22,000 దాకా అయ్యింది. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మకు ఒకటే టెన్షన్, ఈత రాదు కదా అని. ఈత పని రానే లేదు. సముద్రం చదువంటే పొద్దస్తమానం నీళ్ళలో మునగడమని మేమంతా అనుకున్నాం, మునిగేది చాలా కొద్దిమందేనట.

ఆ పిల్ల అక్కడ చేసిన పని ఫోన్‌లో వీడియో తీసి చూపించింది, నేను ఇప్పటికీ షాపుకొచ్చే వాళ్ళకు చూపిస్తుంటాను. సముద్రపు నీళ్ళను గాజు సీసాలోకి పడతారు, ఒక్క గాలి బుడగ కూడా లోపల ఉండకూడదు, ఉంటే లెక్క చెడుతుంది. అందులో మాంగనీసు ద్రావణం ఒకటి, అయోడైడు కలిసిన క్షార ద్రావణం ఒకటి వేస్తారు. నీళ్ళు ఉన్నట్టుండి గోధుమ రంగు తిరిగి, పిండి లాగా అడుగుకు దిగుతుంది. ఆమ్లం పోస్తే అది కరిగి పసుపవుతుంది. అప్పుడు థయోసల్ఫేటు చుక్క చుక్కగా వదులుతూ, రంగు పలచబడ్డాక గంజి పొడి ద్రావణం వేస్తే నీలం, ఇంకొన్ని చుక్కలకు ఆ నీలం ఠక్కున మాయం. ఎన్ని చుక్కలు పడితే నీళ్ళలో అంత ప్రాణవాయువు ఉన్నట్టు. ఇది ఇంటర్ ల్యాబులో సైన్స్ పిల్లలు చేసే టైట్రేషన్ లాంటిదే. మా పాప అన్నమాట: “నాన్నా, తీరం పిల్లలకంటే నాకే చెయ్యి బాగా కుదిరింది.” మిగతా రోజుల్లో మైక్రోస్కోపు ముందు కూర్చుని, వలలో పడిన కంటికానని జీవులను జాతి జాతిగా లెక్కపెట్టడం. మెడ పట్టేసేదట. అది విసుగు పని అని తనే ఒప్పుకుంది.

ఇక “మనకు యాడుంది సముద్రం” అన్న మాటకొస్తాను, అదే నన్ను ఈ ఉత్తరం రాయించింది. సార్, నా షాపులో అప్పుడప్పుడు ఒక బండ వస్తుంది, దాని మీద అలల గీతలుంటాయి. ఒడ్డున ఇసుక మీద నీళ్ళు వెనక్కి పోయాక మిగిలే గీతలే, అచ్చంగా అలాగే, రాయిగా మారిపోయి. కస్టమర్లు పాలిష్‌కు పనికిరాదని పక్కన పెట్టమంటారు. మన నాపరాయి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. బెలూం గుహలు కూడా ఆ సున్నపురాయిలో నీళ్ళు తొలిచినవే. వేంపల్లె వైపు రాళ్ళలో ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా కనిపించేవి, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు కట్టుకున్న గుట్టలు, దగ్గర దగ్గర 190 కోట్ల ఏళ్ళ నాటివి. ప్రపంచంలో భూగర్భశాస్త్రం చదివేవాళ్ళకు కడప పేరు తెలిసింది మన దోసెకారం వల్ల కాదు, ఈ పాత సముద్రం వల్ల. యోగి వేమన విశ్వవిద్యాలయం పిల్లలు బస్సెక్కి గంటలో చూసొచ్చే సముద్రం ఇది.

రాళ్ళ సంగతి వదిలేయండి, వానల సంగతి చూడండి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దగ్గర పులపత్తూరు, తొగూరుపేట ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వాన ఎక్కడిది? బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండానిది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, అందులో ఒక్క తడి తప్పినా వేరుశనగ రైతు పని అయిపోయినట్టే. ఆ తడి వస్తుందా రాదా అన్నది పసిఫిక్‌లో నీళ్ళు మామూలుకంటే వేడెక్కే ఎల్‌నినో మీద, మన హిందూ మహాసముద్రంలో పడమటి నీళ్ళు వేడెక్కాయా తూర్పు నీళ్ళు వేడెక్కాయా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. హిందూ మహాసముద్రంలోని ఈ రెండో తంతును 1999లో లోకానికి చెప్పిన బృందంలో మన దేశం వాళ్ళూ ఉన్నారు. కాబట్టి సముద్రం సంగతి తెలుసుకోవలసిన అవసరం విశాఖ వాళ్ళకంటే ధర్మవరం వాళ్ళకేమీ తక్కువ కాదు.

ఇంకో విచిత్రం చెప్తాను. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు ఇచ్చేది, ఫలానా చోట చేపలు దొరుకుతాయని జాలర్లకు రోజూ చెప్పేది ఏ ఊరినుంచో తెలుసా? హైదరాబాదు నుంచి! భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అంటారు, 1999 నుంచి అక్కడే ఉంది. 2004 సునామీ తర్వాత హెచ్చరిక కేంద్రం 2007లో దాని కిందే పెట్టారు. హైదరాబాదుకు సముద్రం యాడుంది? అక్కడ లేకపోయినా పని జరుగుతోంది కదా. కర్నూలు నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటలు, విశాఖ పిల్లలకంటే కర్నూలు పిల్లలకే అది దగ్గర. అక్కడ చాలా పని కంప్యూటర్ మీదే. సముద్రంలో ఆర్గో అని తేలే పరికరాలు వేల సంఖ్యలో ఉన్నాయి, ఒక్కోటి రెండు వేల మీటర్ల లోతుకు దిగి పది రోజులకోసారి పైకి తేలి వేడి, ఉప్పు లెక్కలు శాటిలైట్‌కు పంపుతుంది. ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అంటే నంద్యాలలో లెక్కలు, ఫిజిక్సు, కంప్యూటర్స్ చదివే పిల్ల కూడా ఇంట్లో కూర్చుని బంగాళాఖాతం మీద ప్రాజెక్టు చేయొచ్చు. 1,200 పెట్టి సర్టిఫికెట్ కొనుక్కునే బదులు.

మిగతావి కూడా మరీ దూరమేం కాదు. 1966లో పెట్టిన జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ గోవాలో ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది, కడప నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా విశాఖే. 1947లో పెట్టి, ఇప్పుడు కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ విశాఖలో శాఖ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనైతే 1950ల మొదట్లోనే లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వచ్చి మన పిల్లలను వెంటేసుకుని బంగాళాఖాతాన్ని కొలిచాడు. చెన్నై మనకు విజయవాడ కంటే దగ్గర, అక్కడి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురు మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు దింపే వాహనం తయారుచేస్తోంది, దాని వెనకున్న డీప్ ఓషన్ మిషన్‌కు 2021లో 4,077 కోట్లు మంజూరు చేశారు. అంత డబ్బు ఖర్చయ్యే చోట మన జిల్లా పిల్ల ఒకతైనా ఉండొద్దా?

మూడు సైన్స్ అకాడమీలు కలిసి బెంగళూరు నుంచి నడిపే వేసవి ఫెలోషిప్ ఒకటుంది. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, డబ్బులిస్తారు, రైలు ఛార్జీ ఇస్తారు. పిల్లలకే కాదు, టీచర్లకు కూడా ఉంది, మా పాప సార్‌కు ఈ సంగతి చెబితే ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇక్కడ తిరకాసు ఒక్కటే, వేసవి పనికి దరఖాస్తు చలికాలం మొదట్లోనే పంపాలి, మన పిల్లలు మార్చిలో లేస్తారు. ఇంకో తిరకాసు, ఇంటర్నెట్‌లో సముద్రం ఇంటర్న్‌షిప్ అని వెతికితే మొదట వచ్చేవన్నీ అమెరికావి. వాళ్ళ ప్రభుత్వ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూలు అనే ఇంటర్న్‌షిప్‌లు అక్కడి పౌరులకు, అక్కడ శాశ్వతంగా ఉండేవాళ్ళకు మాత్రమే. ఆ సంగతి తెలియక మా పాప మూడు రాత్రులు కూర్చుని ఒక దరఖాస్తు మొత్తం నింపింది, అర్హతల కాలమ్ చివర్లో చూసుకుంది.

ఎమ్మెస్సీ తర్వాత రాసే జాతీయ పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణ, సముద్ర శాస్త్రాలకు విడిగా పేపరుంది, జువాలజీ వాళ్ళు లైఫ్ సైన్సెస్ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. నేను దీన్ని మంగంపేట ముగ్గురాయి గనిలాగా ఊరించడం లేదు. పర్మనెంటు ఉద్యోగాలు తక్కువ, ప్రాజెక్టు అయిపోతే ఇంకో ప్రాజెక్టు వెతుక్కోవాలి, ఈ సంగతి మా పాపే దాచకుండా చెప్పింది. అయినా పీహెచ్‌డీ అంటే అప్పు చేసి చదివేదని అనుకునే మా లాంటి వాళ్ళకు, చదువుకుంటూనే జీతంలా వస్తుందన్న మాట తెలియడం చిన్న సంగతేం కాదు.

నేను అడిగేవి పెద్దవి కావు. కర్నూలు, అనంతపురం, కడపలో ఉన్న విశ్వవిద్యాలయాలు హైదరాబాదు, విశాఖ, చెన్నై సంస్థలతో ఒక ఒప్పందం రాసుకుంటే పిల్లలు ఒంటరిగా మెయిళ్ళు పెట్టుకుని జవాబు కోసం చూసే బాధ తప్పుతుంది. ఏడాదికి పదిమందిని పంపినా చాలు. దారి ఖర్చులు, హాస్టల్ ఖర్చు పెట్టుకోలేని ఇంటి పిల్లలకు ఆ రెండు నెలలకు జిల్లా నుంచి ఏదో ఒక సాయం ఉండాలి, నేను 22,000 పెట్టగలిగాను, మా షాపులో బండలు మోసే అతని కూతురు కూడా బీఎస్సీయే, అతను పెట్టలేడు. ఆ అమ్మాయికి నా పాప కంటే మార్కులెక్కువ. కాలేజీల్లో ఆ నాలుగు లైన్ల లెటర్‌ను అడిగిన రెండు రోజుల్లో ఇవ్వాలని ఎవరైనా ఒక సర్క్యులర్ వేస్తే నేను వాళ్ళకు గచ్చు ఉచితంగా పరిపిస్తాను, నిజంగా.

మీ చదువుల పేజీలో ఈ సంస్థల నోటిఫికేషన్లకు అరకాలమ్ ఇవ్వండి. ఇప్పుడు అక్టోబరు. ఈ నెలాఖరు లోపల వేస్తే మన పిల్లలు వచ్చే వేసవికి అందుకుంటారు. సంక్రాంతి తర్వాత వేస్తే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

ఇట్లు,
బండల షాపు నడుపుకునే ఒక తండ్రి,
కడప