వార్షిక నివేదిక 2024–25: టెక్నికల్ టీమ్ తరఫున

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, సంక్రాంతి ముగ్గులు, పిల్లల తెలుగు క్లాసులు అన్నీ ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి, లెక్కలు ట్రెజరర్ గారు విడిగా ఇస్తారు. నేను చెప్పేది మన తెలుగు సంఘం సర్వర్ గురించి, మీ ఫోన్ నంబర్లు, చందాల వివరాలు దాంట్లోనే ఉన్నాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

దసరా అయ్యాక మారతహళ్లిలో ఒక సభ్యుల ఇంటి మేడ మీద ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి, మధ్యలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి లాగిన్ అయ్యే పద్ధతి) సెక్యూరిటీ క్లాసు పెట్టాం. వచ్చినోళ్లు దాదాపు అందరూ సాఫ్ట్‌వేరే (బెంగళూరులో ఇంకెవరొస్తారు లెండి), అయినా "ఎన్‌క్రిప్టెడే కదా, భయమేంటి" అన్నవాళ్లే ఎక్కువ. 1995లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీలో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ని రాసిందే అక్కడి నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు కొట్టేస్తున్నారని, ఆ పని ఇప్పటికీ బాగానే చేస్తోంది. గొడవంతా దాని చుట్టుపక్కల. కొత్త సర్వర్‌కి మొదటిసారి కనెక్ట్ అయితే ఫింగర్‌ప్రింట్ (ఆ సర్వర్‌ని గుర్తుపట్టే కోడ్) చూపించి కనెక్ట్ అవ్వాలా అని అడుగుతుంది కదా, దాన్ని ఎప్పుడైనా సరిచూశారా అంటే అందరూ నవ్వారు, చూడకుండా యస్ కొట్టేస్తే మధ్యలో ఎవడు కూర్చున్నా మనకి తెలీదు.

ప్రోటోకాల్‌లోనే లోపాలు లేవా అంటే ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో బయటపడ్డ టెరాపిన్ అనే దాడిలో మధ్యలో ఉన్నవాడు మొదట్లో వెళ్లే కొన్ని మెసేజ్‌లు మాయం చేసినా రెండు వైపులా గుర్తుపట్టలేవు. 2024 జులైలో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు చెప్పిన రెగ్రెషన్ అనే లోపం ఇంకా ఘోరం, 2006లో పూడ్చిన బొక్కే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎస్‌ఎస్‌హెచ్ కోసం సర్వర్లలో వాడే సాఫ్ట్‌వేర్) వెర్షన్ 8.5లో మళ్లీ తెరుచుకుంది, లాగిన్ అవ్వకుండానే రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం) దొరికే ఛాన్సు. 9.8లో సరిచేశారు. మన సర్వర్ నడిచే ఉబుంటు 22.04లో ఆ వెర్షన్ ఇప్పటికీ 8.9 అనే చూపిస్తుంది, కంగారొద్దు, ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) దాంట్లోనే కలిపి ఇచ్చారు, వేసేశాం.

అసలు తలనొప్పి ఆథరైజ్డ్ కీస్ ఫైల్, అంటే ఎవరెవరి కీలతో సర్వర్‌లోకి రావచ్చో ఉండే జాబితా. తెరిచి చూస్తే లైన్ చివర్న పేర్లు: హైదరాబాద్ వెళ్లిపోయినోళ్లవి, అమెరికా వెళ్లినోళ్లవి, "పాత డెల్" అని ఒకటి, అదెవరిదో కమిటీలో ఎవరికీ తెలీదు. ఏ ప్యాచూ వీటిని తియ్యదు. అందుకని వచ్చే ఉగాదిలోపు సర్వర్ పని చూసేవాళ్లు కొత్త కీ జత చేసుకుని, అందులో సర్వర్‌లో పెట్టే పబ్లిక్ కీ మాత్రమే సెక్రటరీ గారికి పంపండి (మీ దగ్గరే ఉండాల్సిన ప్రైవేట్‌ది వాట్సాప్‌లో పెట్టకండి బాబూ), పండగ మర్నాడు పాతవన్నీ తీసేస్తున్నాం, పాత డెల్ గారితో సహా.