తాబేలు బొమ్మ సంగతి చెప్పిన తమ్ముడికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి 11 నుంచి ఈ రోజు పొద్దున 7 దాకా నా వర్చువల్ మెషిన్ (లాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఆన్‌లోనే ఉంది, ఒక్కసారి కూడా ఆగలేదు. నెల రోజుల్లో ఇదే మొదటిసారి. అందుకే మిగతా పనులు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

పిల్లల కోసం ఏడేళ్ల కిందట ఉద్యోగం మానేశాను. మళ్లీ చేరాలని లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకుంటున్నాను. లాప్‌టాప్‌లో విండోస్ 11, దాని మీద వర్చువల్ మెషిన్లు నడిపే వర్చువల్‌బాక్స్, అందులో ఉబుంటు అనే లైనక్స్. పది పదిహేను నిమిషాలు నడిచి మొత్తం బిగుసుకుపోయేది. మౌస్ కదలదు, గడియారం కూడా ఆగిపోతుంది. ఉబుంటును మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. మెమరీ చాలడం లేదేమోనని ఉన్న 16 జీబీలో 12 దానికే ఇచ్చేశాను, దాంతో విండోస్ కూడా ఈడ్వడం మొదలుపెట్టింది. రిపేరు షాపులో కొత్త లాప్‌టాప్ కొనుక్కోమన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చేశాను.

మా పెద్దమ్మ కొడుకు తన స్నేహితుడి నంబర్ ఇచ్చాడు. సర్వర్లు చూసుకునే ఉద్యోగం అతనిది. ఫోన్ ఎత్తగానే, "అక్కా, ఇంకేమీ మార్చకండి. విండో కింద కుడి మూల ఏ బొమ్మ ఉందో చూడండి" అన్నాడు. పచ్చ తాబేలు! రోజూ కనిపిస్తూనే ఉంది, దానికో అర్థం ఉందని నాకు తెలియదు.

ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని విండోస్ వారి హైపర్-వి (అదీ వర్చువల్ మెషిన్లు నడిపేదే) ముందే పట్టుకుని కూర్చుంటే, వర్చువల్‌బాక్స్ దాని ద్వారానే పని చేయించుకోవాలి. అప్పుడే ఆ తాబేలు వస్తుంది. వేగం తగ్గుతుంది, కొన్ని మెషిన్లలో ఇలా బిగుసుకుపోతుంది కూడా. నేనెప్పుడో ఒక కోర్సు కోసం డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే సదుపాయం) వేసుకున్నాను. దానితో ఆన్ అయిన, హైపర్-విని వాడే వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ అనే విండోస్ ఫీచర్ అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేయించి, విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీని (అదీ హైపర్-విని వాడేదే) ఆపించాడు. అది భద్రత కోసం ఉన్నదని, నేర్చుకోవడం పూర్తయ్యాక తప్పకుండా ఆన్ చేసుకోమని రెండుసార్లు చెప్పాడు. రీస్టార్ట్ చేస్తే తాబేలు పోయింది. ఆ తర్వాతే మెమరీని 6 జీబీకి తగ్గించమన్నాడు. ఒకటి మార్చడం, గంటసేపు నడిపి చూడడం, అప్పుడు రెండోది. నా తొందరకు అతని ఓపిక బ్రేకు వేసింది.

రెండు రోజులకు మళ్లీ ఆగింది. ఇక నా వల్ల కాదని మెసేజ్ పెట్టాను. రాత్రి డ్యూటీ మధ్యలో ఉండి కూడా లాగ్ ఫైల్ (వర్చువల్‌బాక్స్ జరిగినవన్నీ రాసుకునే ఫైల్) పంపమన్నాడు. చివర్లో డిస్క్ నిండిందని ఉంది. ఉబుంటుకు నేనిచ్చిన 50 జీబీ డిస్క్ నిజానికి సి డ్రైవ్‌లో ఒక ఫైలేనట, వాడేకొద్దీ పెరుగుతుందట. లోపల ఖాళీ కనిపిస్తున్నా, సి డ్రైవ్‌లో చోటు అయిపోతే వర్చువల్‌బాక్స్ మెషిన్‌ను పాజ్ చేసేస్తుంది. పాత స్నాప్‌షాట్లు (మెషిన్ అప్పటికి ఎలా ఉందో దాచుకున్నవి) ఐదున్నాయి. వాటిని వెంటనే తీసేయబోతే ఆపాడు, తీసేటప్పుడు వాటిలోని మార్పులను కలిపి రాయడానికి కూడా చోటు కావాలట. ముందు మెషిన్‌ను డి డ్రైవ్‌కు మార్పించి, తర్వాత ఒక్కొక్కటీ తీయించాడు. రాత్రంతా ఆన్‌లో ఉంచి చూడమన్నదీ అతనే.

తమ్ముడూ, నీకు నేనెవరో తెలియదు. నా స్క్రీన్ చూస్తూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నావు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. డబ్బు మాటెత్తితే ఫోన్ పెట్టేశావు. ఖమ్మం వైపు వస్తే మా ఇంట్లో భోజనం చేయకుండా వెళ్లనివ్వను.